ఒకే మూలం నుండి అనేక వర్ణాలు: చిన్న పరిమాణపు అతిహ్రస్వ పల్సు లేజర్లు, కాలపృథక్కరణ వర్ణపటశాస్త్రం – మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంత పరిశోధనావసరాల దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: పదార్థంపై కాంతి పడిన మరుక్షణం నుండి జరిగే మార్పులను ఫెమ్టోసెకను, పికోసెకను ప్రమాణాలలో గుర్తించాలంటే రెండు వేర్వేరు వర్ణాల కాంతి పల్సులు, వాటి మధ్య తెలిసిన కాలవ్యవధి అవసరం. ఇంతవరకు ఈ ప్రయోగాలు పెద్ద బల్లలపై అమర్చిన టైటానియం–నీలమణి లేజర్ల చుట్టూ సాగాయి. ఇటెర్బియం ఫైబర్ లేజర్ ఆధారంగా రెండు వర్ణాలనూ ఒకే మూలం నుండి రాబట్టే పద్ధతులు, వాటి బలాలు, పరిమితులు ఈ వ్యాసంలో చర్చించబడ్డాయి. ఉదాహరణగా టమాటలోని లైకోపీన్ స్వీకరించబడింది.

కీలక పదాలు: అతిహ్రస్వ పల్సు, ప్రేరక–శోధక పద్ధతి, ఫైబర్ లేజర్, సాలిటాన్, లైకోపీన్, ఇటెర్బియం, ఉత్తేజిత స్థాయి.

1. ప్రవేశిక

దేశంలోని పెద్ద టమాట మార్కెట్లలో మదనపల్లె ఒకటి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల బోరుబావుల సేద్యంలో టమాటకు ప్రధాన స్థానం ఉంది. ఆ పండు ఎరుపునకు కారణం లైకోపీన్ అనే కెరోటినాయిడ్. పండిన టమాట గుజ్జు నుండి హెక్సేన్ వంటి ద్రావణిలోకి లైకోపీన్‌ను తీసి, సాధారణ వర్ణపట కాంతిమాపకంలో ఉంచితే సుమారు 444, 472, 502 నానోమీటర్ల వద్ద మూడు శోషణ శిఖరాలు కనిపిస్తాయి. ఏ డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలలోనైనా ఈ కొలత సాధ్యమే.

శోషించుకున్న కాంతిని ఆ అణువు ఏమి చేసుకుంటుంది అన్న తరువాతి ప్రశ్నకు మాత్రం ఆ పరికరం సమాధానం చెప్పలేదు. సామాన్యంగా ఇటువంటి ప్రశ్నకు ప్రతిదీప్తి జీవితకాలాన్ని కొలిచి జవాబు రాబడతారు. అణువు తిరిగి చిమ్మే కాంతి ఎంతసేపట్లో తగ్గిపోతున్నదో చూస్తారు. లైకోపీన్ విషయంలో ఆ మార్గం దాదాపు మూసుకుపోయింది, ఎందుకంటే అది చెప్పుకోదగినంత కాంతిని తిరిగి చిమ్మదు. కాంతి దానిని నేరుగా రెండవ ఉత్తేజిత స్థాయికి చేరుస్తుంది. అక్కడ అది సుమారు 0.1 పికోసెకను మాత్రమే నిలిచి, మొదటి ఉత్తేజిత స్థాయికి జారుతుంది. భూస్థాయి నుండి ఒక్క ఫోటాను శోషణతో చేరరాని స్థాయి అది. అక్కడ నాలుగైదు పికోసెకన్లు ఉండి, శక్తినంతటినీ వేడిగా వదిలి భూస్థాయికి వస్తుంది. ఒక పికోసెకను అంటే వెయ్యి ఫెమ్టోసెకన్లు. ఫెమ్టోసెకను సెకనులో పది కోట్ల కోట్లవ వంతు. మదనపల్లె నుండి పుంగనూరుకు కాంతి చేరడానికి పట్టే కాలం వంద మైక్రోసెకన్లకు మించదు. ఆ వంద మైక్రోసెకన్లలో లైకోపీన్ ఈ చక్రాన్ని రెండు కోట్ల సార్లు పూర్తిచేయగలదు.

ఇంత వేగంగా స్పందించే ఎలక్ట్రానిక్ శోధకం లేదు. కనుక కాంతినే కాంతితో కొలవాలి.

2. ప్రేరకం, శోధకం

మెరుపు దీపంతో అణువును ఉత్తేజపరచి, మరొక మెరుపుతో దాని శోషణను నమోదు చేసే పద్ధతిని 1949లో నోరిష్, పోర్టర్‌లు ప్రవేశపెట్టారు. 1967లో మాన్‌ఫ్రెడ్ ఐగెన్‌తో కలిసి వారికి నోబెల్ బహుమతి లభించింది. నాటి మెరుపుల నిడివి మైక్రోసెకన్ల నుండి మిల్లీసెకన్ల వరకు ఉండేది. లేజర్లు వచ్చిన తరువాత పల్సు కురచనైనా, ప్రయోగ సూత్రం మారలేదు. మొదటి పల్సు, అంటే ప్రేరకం, అణువులను ఉత్తేజపరుస్తుంది. కొంత వ్యవధి తరువాత వచ్చే రెండవ పల్సు, అంటే శోధకం, ఉత్తేజిత అణువుల శోషణను నమోదు చేస్తుంది. వ్యవధిని మార్చుతూ ఇదే కొలతను మళ్ళీ మళ్ళీ చేస్తే పరిణామ క్రమమంతా ఒక వక్రంగా కనిపిస్తుంది. 1980లలో అహ్మద్ జువైల్ ఈ పద్ధతితోనే రసాయన బంధం తెగే క్షణాన్ని పట్టుకొని, 1999లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని అందుకున్నారు.

వ్యవధిని కొలిచేది గడియారం కాదు, దూరం. కాంతి ఒక ఫెమ్టోసెకనులో 0.3 మైక్రోమీటరు పయనిస్తుంది. శోధక పల్సును ఒక కదిలే అద్దంపైకి పంపి వెనుకకు తెప్పిస్తే, అద్దాన్ని 15 మైక్రోమీటర్లు జరిపినప్పుడు రాకపోకలకు కలిపి 100 ఫెమ్టోసెకన్ల ఆలస్యం కలుగుతుంది. 15 సెంటీమీటర్లు జరిపితే ఒక నానోసెకను.

రెండు పల్సుల వర్ణాలు వేరుగా ఎందుకుండాలి? లైకోపీన్‌ను ఉత్తేజపరచడానికి 500 నానోమీటర్ల పరిసరాల ఆకుపచ్చ కాంతి కావాలి. మొదటి ఉత్తేజిత స్థాయిలో ఉన్న అణువు మాత్రం 550–580 నానోమీటర్ల పసుపు ప్రాంతంలో బలంగా శోషిస్తుంది. భూస్థాయి లైకోపీన్ ఆ ప్రాంతంలో దాదాపు పారదర్శకం. కాబట్టి అక్కడ కనిపించే శోషణ ఉత్తేజిత అణువుదే అని నిస్సందేహంగా చెప్పవచ్చు. ఒకే వర్ణంతో చేసే ప్రయోగంలో భూస్థాయి అణువులు తగ్గడం, ఉత్తేజిత అణువులు శోషించడం, ప్రేరక కాంతి చెదరి శోధకంలోకి రావడం అన్నీ ఒకే సంకేతంలో కలగలిసిపోతాయి. ‘బహువర్ణ’ అన్న విశేషణానికి ఇక్కడ అలంకారప్రాయమైన విలువ కాదు, అర్థనిర్ణాయకమైన విలువ ఉంది.

3. పెద్ద బల్ల

1981లో బెల్ ప్రయోగశాలలో ఫోర్క్, గ్రీన్, షాంక్ రంజక ద్రావణ లేజర్‌తో పల్సు నిడివిని వంద ఫెమ్టోసెకన్ల కంటె తగ్గించారు. 1982లో పీటర్ మౌల్టన్ టైటానియం కలిపిన నీలమణి స్ఫటికంతో లేజర్‌ను పనిచేయించారు. 1991లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో సిబెట్ బృందం అదే స్ఫటికం నుండి 60 ఫెమ్టోసెకన్ల పల్సులను నేరుగా రాబట్టింది. 1985లో స్ట్రిక్‌లాండ్, మూరూ రూపొందించిన సాగదీసి, వర్ధిల్లజేసి, మళ్ళీ కుదించే పద్ధతి దీనికి తోడైంది. ఈ చేరికతో 800 నానోమీటర్ల వద్ద, సెకనుకు వెయ్యి పల్సులతో, పల్సుకు మిల్లీజౌల్ శక్తితో పనిచేసే వ్యవస్థ ప్రపంచమంతటా ప్రామాణికమైంది. తెలుగు నేలపై హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఈ రంగానికి ప్రధాన కేంద్రం. అక్కడి భౌతికశాస్త్ర విభాగంలో డి. నారాయణరావు, అధిక శక్తి పదార్థాల పరిశోధనా కేంద్రంలో ఎస్. వేణుగోపాలరావు బృందాలు అతిహ్రస్వ పల్సులతో విస్తృతంగా పరిశోధించాయి. కుప్పానికి సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో శివ ఉమాపతి బృందం అతిత్వరిత రామన్ నష్ట వర్ణపటమితిని అభివృద్ధి చేసింది.

ఈ వ్యవస్థ స్థూలత్వానికి కారణం స్ఫటికం కాదు, దాని చుట్టూ ఉన్న పరివారం. టైటానియం–నీలమణి ఆకుపచ్చ కాంతితో పనిచేస్తుంది. 532 నానోమీటర్ల ఫోటానును మింగి 800 నానోమీటర్ల ఫోటానును ఇస్తుంది కనుక శక్తిలో మూడవ వంతు తప్పనిసరిగా వేడిగా పోతుంది. ఆ వేడిని తీయడానికి నీటి శీతలీకరణ యంత్రం కావాలి. ఆకుపచ్చ కాంతి కోసం మరొక లేజర్ కావాలి. 800 నానోమీటర్ల నుండి 500, 560 నానోమీటర్లకు రావడానికి దృశా పరామితీయ వర్ధకాలు కావాలి. వీటన్నిటినీ ఒకే రేఖపై నిలపడానికి బరువైన బల్ల, ఉష్ణోగ్రత మారని గది, నిత్యం సరిదిద్దే నిపుణుడు కావాలి. చిన్న పట్టణపు కళాశాలకు ఈ జాబితాలో చివరి అంశమే అన్నిటికంటె ఖరీదైనది. పరికరం ఒక్కసారి ఇచ్చే నిధులతో వస్తుంది, నిపుణుని జీతం ఏటా రావాలి.

మదనపల్లెలోనో కుప్పంలోనో లైకోపీన్‌పై పనిచేసే పరిశోధకునికి మిగిలిన దారి నమూనాను పట్టుకొని వెళ్ళడం. పరికరాల ఉమ్మడి వినియోగానికి కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన ఐ–స్టెమ్ పోర్టల్ వంటివి అందుకు తోడ్పడతాయి. అయితే లైకోపీన్ వెలుతురుకు, ప్రాణవాయువుకు, వేడికి నిలవదు. నాలుగువందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం తరువాత హైదరాబాద్‌లో తెరిచే సీసాలో ఉన్నది పండులో ఉన్న లైకోపీనేనా అన్న సందేహం ప్రతి ఫలితాన్నీ వెంటాడుతుంది. పరికరం నమూనా దగ్గరకు రావాలన్న కోరికకు మూలం ఇదే.

4. గాజు పోగులో వర్ణాల పుట్టుక

చిన్న పరిమాణపు లేజర్‌కు గుండె ఇటెర్బియం అయానులు కలిపిన గాజు ఫైబర్. ఇది 976 నానోమీటర్ల డయోడ్ కాంతిని శోషించుకొని 1030 నానోమీటర్ల పరిసరాలలో కాంతినిస్తుంది. ఇక్కడ తప్పనిసరిగా వేడిగా పోయేది సుమారు 5 శాతమే. సన్నని పోగు కనుక ఆ కొద్ది వేడీ పొడవునా చెదిరిపోతుంది. నీటి యంత్రం అక్కరలేదు. కాంతి గాజులోనే ప్రయాణిస్తుంది కాబట్టి ధూళి చేరదు, అద్దాలు పక్కకు తొలగవు. ధ్రువణాన్ని నిలుపుకొనే ఫైబర్ వాడితే మీట నొక్కగానే పల్సులు మొదలై, గంటల తరబడి మార్పు లేకుండా సాగుతాయి.

అరుదైన మృత్తిక అయానులు కలిపిన గాజు ఈ ప్రాంతానికి కొత్త విషయం కాదు. 1954లో స్థాపితమైన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో సి.కె. జయశంకర్ మొదలైనవారు ఇటువంటి గాజుల శోషణ, ఉద్గార, జీవితకాల లక్షణాలపై ఎంతో కృషి చేశారు. గాజులో ఇటెర్బియం అయాను ఉత్తేజిత స్థాయి జీవితకాలం సుమారు ఒక మిల్లీసెకను. డయోడ్ నుండి నిదానంగా వచ్చే శక్తిని అంతసేపు దాచుకోగలదు కనుకనే, ఆ శక్తిని వంద ఫెమ్టోసెకన్ల పల్సుగా ఒక్కపెట్టున ఇవ్వగలుగుతోంది. మిల్లీసెకను ప్రమాణంలో తిరుపతి ప్రయోగశాల కొలిచే గుణమే ఫెమ్టోసెకను లేజర్‌కు ఆధారం కావడం గమనార్హం.

ఇక వర్ణాల సంగతి. 1030 నానోమీటర్ల వద్ద 100 ఫెమ్టోసెకన్ల పల్సు ఏర్పడాలంటే కనీసం 16 నానోమీటర్ల వర్ణవ్యాప్తి ఉండాలి. పల్సు కురచనైనకొద్దీ అందులో ఇమిడే వర్ణాలు పెరుగుతాయి. అంటే ప్రతి హ్రస్వ పల్సూ స్వభావరీత్యా బహువర్ణమే. ఆ వ్యాప్తిని మరింత పెంచి, కావలసిన ముక్కను ఏరుకోవడమే తక్కిన పని.

అన్నిటికంటె సులభమైనది రెండవ అనుస్వరాన్ని పుట్టించడం. అరేఖీయ స్ఫటికం గుండా పోయినప్పుడు 1030 నానోమీటర్ల కాంతిలో కొంత 515 నానోమీటర్లకు మారుతుంది. ఇది లైకోపీన్ చివరి శిఖరం అంచున పడుతుంది కనుక ప్రేరకంగా పనికివస్తుంది. శోధకానికి మరొక ఉపాయం కావాలి. అది ఫైబర్‌లోని రామన్ ప్రభావం నుండి వస్తుంది. 1928లో కలకత్తాలో రామన్ వద్ద ఈ ప్రభావంపై పనిచేసినవారిలో సూరి భగవంతం ఒకరు. ఆయన 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి ప్రకటించిన కాంతి పరిక్షేపణ గ్రంథం ఈ విషయంపై వచ్చిన తొలి సమగ్ర గ్రంథాలలో లెక్కించదగినది. గాజు అణువుల కంపనాలు కాంతి నుండి కొంత శక్తిని తీసుకొని దాని తరంగదైర్ఘ్యాన్ని పెంచడమే రామన్ ప్రభావం. హ్రస్వ పల్సు విస్తృత వర్ణవ్యాప్తి గలది కాబట్టి అందులోని నీలి అంచు, గాజు కంపనాల ద్వారా, తన శక్తిని ఎర్ర అంచుకు బదిలీ చేస్తుంది. తన ఆకారం కోల్పోకుండా సాగే పల్సును సాలిటాన్ అంటారు. అటువంటి సాలిటాన్ ఫైబర్‌లో ముందుకు పోయేకొద్దీ తనకు తానే ఎర్రబడుతుంది. దీనిని 1986లో మిట్ష్కే, మోలెనౌర్ ప్రయోగపూర్వకంగా చూపారు.

సామాన్య సిలికా ఫైబర్‌లో సుమారు 1300 నానోమీటర్లకు దిగువన సాలిటాన్ ఏర్పడదు. అక్కడి విక్షేపణం దానికి అనుకూలం కాదు. పొడవునా సన్నని గాలి రంధ్రాలున్న ఫోటానిక్ స్ఫటిక ఫైబర్ ఈ అడ్డంకిని తొలగిస్తుంది. అందులోకి పంపిన 1030 నానోమీటర్ల పల్సును, శక్తిని సరిచేసి, 1120 నానోమీటర్లకు జరిపి, దాని రెండవ అనుస్వరాన్ని తీస్తే 560 నానోమీటర్ల శోధకం సిద్ధమవుతుంది. ప్రవేశ శక్తిని కొద్దిగా మార్చితే వర్ణం మారుతుంది. ఏ అద్దాన్నీ కదపనవసరం లేదు. ప్రేరకం, శోధకం రెండూ ఒకే డోలకం సంతానం కనుక వాటి మధ్య కాలసంబంధం పుట్టుకతోనే వస్తుంది. రెండు వేర్వేరు లేజర్లను ఎలక్ట్రానిక్ పద్ధతిలో జతపరచే శ్రమ తప్పుతుంది.

ఈ సౌకర్యానికి మూల్యం ఉంది. సాలిటాన్ ఎంత ఎర్రబడుతుందో దాని శక్తిపై ఆధారపడుతుంది కాబట్టి, మూలం తీవ్రతలోని చిన్న ఒడిదుడుకు శోధకపు వర్ణంలో ఒడిదుడుకుగా మారుతుంది. వేర్వేరు వర్ణాలు గాజులో వేర్వేరు వేగాలతో పోతాయి కనుక అదే చివరికి కాలంలో వణుకుగా తేలుతుంది. ఈ దోషాన్ని తగ్గించే మరొక మార్గం స్వీయ దశా మార్పు. తీవ్రమైన పల్సు గాజు వక్రీభవన గుణకాన్ని క్షణకాలం మార్చి, తన వర్ణపటాన్ని తానే వెడల్పు చేసుకుంటుంది. ఆ వెడల్పు వర్ణపటం అంచులలో ఏర్పడే లంబికను వడపోత పలకతో వేరుచేస్తే సుమారు వంద ఫెమ్టోసెకన్ల శుద్ధమైన పల్సు లభిస్తుంది. దీనికి కొన్ని సెంటీమీటర్ల ఫైబర్ చాలు కాబట్టి వణుకు కూడా స్వల్పం. లైకోపీన్ వంటి ప్రయోగానికి ఈ రెండవ మార్గమే మేలైనది. సాలిటాన్ మార్గానికి ఉన్న ప్రచారం దీనికి ఇంకా రాలేదు.

5. శక్తి తక్కువ, సంఖ్య ఎక్కువ

ఫైబర్ డోలకం ఇచ్చేది మిల్లీజౌళ్ళు కాదు, నానోజౌళ్ళు. ఇది లోపమని తొలిచూపులో అనిపిస్తుంది. లెక్కవేసి చూస్తే అభిప్రాయం మారుతుంది. 515 నానోమీటర్ల వద్ద ఒక నానోజౌల్ అంటే సుమారు 260 కోట్ల ఫోటాన్లు. వాటిని 50 మైక్రోమీటర్ల వ్యాసమున్న చుక్కగా కేంద్రీకరిస్తే, లైకోపీన్ శోషణ బలాన్ని బట్టి, ఆ చుక్కలోని ప్రతి వంద అణువులలో సుమారు నాలుగైదు ఉత్తేజం చెందుతాయి. ప్రయోగానికి అది పుష్కలం. ఇంకా పెంచితే ఒకే అణువు రెండు ఫోటాన్లను మింగడం మొదలై ఫలితం చెడుతుంది.

అసలు లాభం పల్సుల సంఖ్యలో ఉంది. ఒక్కొక్క పల్సు తీవ్రత యాదృచ్ఛికంగా 1 శాతం మారుతున్నదనుకుందాం. శోషణలోని మార్పును లక్షలో ఒక వంతు వరకు గుర్తించాలంటే పది లక్షల పల్సుల సగటు తీయాలి. సెకనుకు వెయ్యి పల్సులిచ్చే పెద్ద లేజర్‌కు ఒక్కొక్క బిందువు వద్ద వెయ్యి సెకన్లు పడుతుంది. 200 బిందువుల వక్రానికి రెండు రోజులు దాటుతుంది. సెకనుకు పది లక్షల పల్సులిచ్చే ఫైబర్ లేజర్ అదే వక్రాన్ని నాలుగు నిమిషాల లోపే ఇస్తుంది. నిజమైన లేజర్లలో ఒడిదుడుకులు పూర్తిగా యాదృచ్ఛికం కావు కనుక పెద్ద లేజర్లపై తీవ్రతను పల్సు పల్సుకూ సరిచూసుకునే ఏర్పాట్లు ఉంటాయి. అయినప్పటికీ ఈ తేడా పూర్తిగా చెరిగిపోదు. రెండు రోజులలో చెడిపోయే నమూనా నాలుగు నిమిషాలు నిలుస్తుంది.

పల్సుల సంఖ్యను నమూనాను చూసి నిర్ణయించాలి. సెకనుకు పది లక్షల పల్సులంటే రెండింటి మధ్య ఒక మైక్రోసెకను. లైకోపీన్ అంతలోపు లక్ష సార్లు తేరుకోగలదు. పత్రహరితపు త్రిక స్థాయి మైక్రోసెకన్ల పాటు నిలుస్తుంది కనుక తదుపరి పల్సు వచ్చేసరికి పాత ఉత్తేజం మిగిలే ఉంటుంది. మిల్లీసెకన్లు నిలిచే అరుదైన మృత్తిక గాజులకైతే ఈ లేజర్ పూర్తిగా అనర్హం. వాటికి మెరుపు దీపం, ఓసిల్లోస్కోపు చాలు.

6. ఒక డిగ్రీ ఉష్ణోగ్రత

ఫైబర్ లేజర్‌కు ఉష్ణోగ్రత నియంత్రణ అక్కరలేదన్న మాట అమ్మకందారుల పత్రాలలో తరచు కనిపిస్తుంది. అది సగం నిజం. ఒక మీటరు ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే 12 మైక్రోమీటర్లు పెరుగుతుంది. ఆ దారిన పోయే కాంతికి 40 ఫెమ్టోసెకన్ల తేడా వస్తుంది. సిలికా గాజు వ్యాకోచం ఉక్కుకంటె ఎంతో తక్కువే అయినా, దాని వక్రీభవన గుణకం ఉష్ణోగ్రతతో మారుతుంది. ఒక మీటరు ఫైబర్‌లో ఒక డిగ్రీకి కలిగే తేడా కూడా సుమారు 35–40 ఫెమ్టోసెకన్లే. ప్రేరకాన్ని ఒక ఫైబర్‌లో, శోధకాన్ని మరొక ఫైబర్‌లో మూడేసి మీటర్లు నడిపించే పరికరాన్ని వేసవి మధ్యాహ్నం మదనపల్లెలో, శీతల యంత్రం ఆగిన గదిలో ఊహించవచ్చు. ఒక ఫైబర్ మరొకదానికంటె రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కినా శూన్య వ్యవధి బిందువు 200 ఫెమ్టోసెకన్లకు పైగా జరిగిపోతుంది. అటువంటి పరికరం చిన్నదే కావచ్చు, నమ్మదగినది కాదు. రెండు వర్ణాలు వీలైనంత దూరం ఒకే దారిలో నడిచి, చివరి కొద్ది సెంటీమీటర్లలో మాత్రమే విడిపోయే నిర్మాణమే ఈ ప్రాంతానికి తగినది. కొనుగోలు నిర్దేశాలలో పల్సు నిడివి, సగటు శక్తి తప్పక అడుగుతారు. రెండు దారులలో ఉమ్మడిగా లేని పొడవు ఎంత అన్నది అరుదుగా అడుగుతారు. అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

7. ఏ ప్రశ్నకు ఏ పరికరం

మల్బరీ సాగు, పట్టు పరిశ్రమ ఉన్న ఈ మండలాలలో ఆకు ఆరోగ్యాన్ని పత్రహరిత ప్రతిదీప్తి ద్వారా పరిశీలించడం సహజమైన పరిశోధనాంశం. ద్రావణంలో పత్రహరితం ప్రతిదీప్తి జీవితకాలం అయిదారు నానోసెకన్లు, ఆకులో అంతకంటె తక్కువ. దీనికి పల్సు డయోడ్, ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కించే శోధకం చాలు. ఫెమ్టోసెకను లేజర్ దుబారా. కాంతి చిమ్మని లైకోపీన్‌కు మాత్రం ప్రేరక–శోధక పద్ధతి తప్ప గత్యంతరం లేదు. అందులోనూ నాలుగైదు పికోసెకన్ల మొదటి ఉత్తేజిత స్థాయికి 200 ఫెమ్టోసెకన్ల పల్సు సరిపోతుంది. 0.1 పికోసెకను మాత్రమే నిలిచే రెండవ స్థాయిని పట్టుకోవడం ఆ పల్సు వల్ల కాదు. దానికి 50 ఫెమ్టోసెకన్ల కంటె కురచ పల్సు కావాలి. అంత కురచ పల్సు ప్రతి గాజు పలకలోనూ సాగిపోతుంది. 800 నానోమీటర్ల వద్ద 30 ఫెమ్టోసెకన్ల పల్సు ఒక సెంటీమీటరు సాధారణ దృశా గాజు దాటేసరికి సుమారు 50 అవుతుంది. అదే గాజులో 100 ఫెమ్టోసెకన్ల పల్సు ఒక్క ఫెమ్టోసెకను మాత్రమే పెరుగుతుంది. రెండవ స్థాయి ప్రశ్నలను హైదరాబాద్, బెంగళూరు ప్రయోగశాలలకు వదలడమే వివేకం.

స్థానికంగా చేయదగినది, ఇతరులు అంత సులభంగా చేయలేనిది పండులోని లైకోపీన్ పరిశీలన. టమాటలో అది ద్రావణంగా కాక సూక్ష్మ స్ఫటికాలుగా పేరుకొని ఉంటుంది. కెరోటినాయిడ్ అణువులు ఒకదానిపక్కన ఒకటి చేరినప్పుడు వాటి ఉత్తేజిత స్థాయిల ప్రవర్తన మారుతుంది. మొక్కజొన్నకు పసుపునిచ్చే జియాజాంథిన్ సమూహాలలో ఒక ఉత్తేజం రెండు త్రిక స్థాయిలుగా చీలడం 2010లోనే నమోదైంది. అటువంటి చీలిక కోసిన పండులో, దోరకాయ నుండి మాగిన పండు వరకు, ఏ దశలో ఎలా ఉంటుందన్నది తోటకు దగ్గరగా ఉన్న ప్రయోగశాల మాత్రమే తాజా నమూనాలతో వరుసగా అడగగల ప్రశ్న. త్రిక స్థాయిలు మైక్రోసెకన్లు నిలుస్తాయి కాబట్టి పల్సుల సంఖ్యను సెకనుకు లక్షకు తగ్గించుకొనే వీలు లేజర్‌లో ఉండాలి. గుజ్జు కాంతిని విపరీతంగా చెదరగొడుతుంది కాబట్టి ప్రేరక వర్ణాన్ని పూర్తిగా ఆపే వడపోత పలక శోధకం ముందు ఉండాలి. ప్రేరక, శోధక వర్ణాల మధ్య 45 నానోమీటర్ల ఎడం ఇక్కడ అక్కరకొస్తుంది.

పండు ముక్కను అమర్చకముందు పరికరాన్ని హెక్సేన్ ద్రావణంలో పరీక్షించాలి. బీటా కెరోటిన్‌లోనూ లైకోపీన్‌లోనూ పదకొండేసి ద్విబంధాల వరుస ఉంది. బీటా కెరోటిన్‌లో రెండు ద్విబంధాలు చివరి వలయాలలో మెలితిరిగి ఉండడం వల్ల వరుస ప్రభావం తగ్గి, మొదటి ఉత్తేజిత స్థాయి తొమ్మిది, పది పికోసెకన్లు నిలుస్తుంది. లైకోపీన్‌లో అందులో సగమే. బీటా కెరోటిన్‌కు 515 నానోమీటర్ల వద్ద శోషణ బలహీనం కనుక ద్రావణాన్ని కొంచెం గాఢంగా తీసుకోవాలి. ఉదయం ఒకసారి, గది వేడెక్కిన మధ్యాహ్నం ఒకసారి కొలిచినా ఆ రెండు విలువలూ, వాటి నిష్పత్తీ మారకపోతే, పండును కోయవచ్చు.